తుంటి పక్క నొప్పి: మాత్రలు ఎన్నాళ్లు, ఇంజక్షన్ ఎన్నిసార్లు?

ప్రశ్న: నా వయసు 54. హైస్కూల్లో టీచర్‌ని. ఏడాదికి కాస్త తక్కువగా కుడి తుంటి పక్కన నొప్పి. ఆ వైపు తిరిగి పడుకోలేను. మెట్లెక్కేటప్పుడు, స్కూటీ దిగేటప్పుడు పొడిచినట్టుంటుంది. ఎక్స్‌రేలో కీలు బాగుందన్నారు. అల్ట్రాసౌండ్ తీసి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) దెబ్బతిందని, బర్సాలో కొంచెం నీరుందని చెప్పారు. మూడు నెలలు ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్, సెరాటియోపెప్టిడేజ్ కలిసిన మాత్ర రోజుకు రెండు వాడాను, తోడుగా గ్యాస్ మాత్ర. తర్వాత ఎటోరికాక్సిబ్ 90కి మార్చారు, అదే ఇప్పటికీ వేసుకుంటున్నాను. రాత్రికి ప్రెగాబలిన్ ఇచ్చారు. జనవరిలో తుంటికి స్టెరాయిడ్ ఇంజక్షన్ చేశారు. ఆరు వారాలు హాయిగా ఉంది, మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు ఒక డాక్టరు గారు ఇంకో ఇంజక్షన్ అంటున్నారు, ఇంకొకరు పీఆర్పీ చేయించుకోమంటున్నారు. నాకు బీపీ ఉంది, టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడతాను. షుగర్‌కి మెట్‌ఫార్మిన్. మాత్రలు ఇంకా ఎన్నాళ్లు వాడాలి? రెండో ఇంజక్షన్ తీసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండిటికీ వస్తాను. ముందు మీరు అడగనిది ఒకటి చెప్పాలి. ఎటోరికాక్సిబ్ ఇవాళే ఆపేయండి, ఆపినట్టు రాసిన డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పండి. దీన్ని మెల్లగా తగ్గించాల్సిన పనిలేదు, ఒక్కసారిగా మానేసినా ఏమీ కాదు. బీపీ మాత్ర మాత్రం ఆపొద్దు. ప్రెగాబలిన్ కూడా మీ అంతట మీరు ఆపొద్దు. ఈ రెండు మూడు రోజుల్లోనే ల్యాబ్‌కు వెళ్లి సీరం క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే వారం పాటు ఉదయం, సాయంత్రం చూసి రాసి పెట్టండి.

ఇంత తొందరపెట్టడానికి కారణం మీ తుంటి కాదు, కిడ్నీలు. కిడ్నీలో రక్తం వడపోత జరిగే చోటికి ఒక సన్నటి నాళం రక్తాన్ని తెస్తుంది, ఇంకొకటి బయటికి తీసుకుపోతుంది. తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు. నొప్పి మాత్రలు పనిచేసేదే వాటి తయారీని ఆపి. కాబట్టి నొప్పితో పాటు ఆ నాళంలో ప్రవాహమూ తగ్గుతుంది. టెల్మిసార్టన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. ఏ మందుకా మందు మంచిదే. మూడూ ఒకే మనిషి ఒంట్లో చేరితే వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. మామూలు రోజుల్లో తట్టుకునే కిడ్నీ కూడా మండుటెండలో తిరిగొచ్చిన రోజునో, రెండు వాంతులు, నాలుగు విరేచనాలైన రోజునో చేతులెత్తేయొచ్చు. పైగా మీరు వాడే మెట్‌ఫార్మిన్ బయటికి పోవాల్సింది ఆ కిడ్నీల ద్వారానే. అవి బాగా మందగిస్తే అది ఒంట్లో పేరుకుంటుంది.

రిపోర్టు వచ్చాక "నార్మల్ రేంజ్‌లోనే ఉందండీ" అని ల్యాబ్ అబ్బాయి చెప్పిన మాటతో ఆగిపోకండి. 54 ఏళ్ల ఆడమనిషికి క్రియాటినిన్ 1.2 వస్తే చాలా ల్యాబుల కాగితం మీద అది నార్మల్ గీత దాటదు. వయసు, స్త్రీ అన్న విషయం కలిపి లెక్క కడితే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీల వడపోత వేగం అంచనా, 54 దగ్గర తేలుతుంది. 60 కంటే తక్కువ వచ్చి, మూడు నెలల తర్వాత చూసినా అలాగే ఉంటే దాన్ని కిడ్నీ జబ్బు కిందే లెక్క వేస్తాం. అందుకే రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ కూడా వేసి ఇమ్మని అడగండి.

ఎటోరికాక్సిబ్ మీద నాకు ఇంకో అభ్యంతరం ఉంది. అది బీపీ పెంచే మందు. బీపీ 140/90 దాటి, అదుపులో లేనివాళ్లకు ఇవ్వకూడదని యూరప్‌లో దాని వాడకం సూచనల్లోనే రాసి ఉంటుంది. అమెరికాలో అయితే 2007లో దానికి అనుమతే ఇవ్వలేదు. కీళ్ల అరుగుదలకు దాని డోసు 30 నుంచి 60 మిల్లీగ్రాములు. 90 అన్నది రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటి జబ్బులకు వాడే డోసు. టెండన్ నొప్పికి 90 చొప్పున నెలల తరబడి వేసుకోవడానికి సమర్థన నాకు కనబడటం లేదు. ఈ మధ్య మీ బీపీ పెరిగిందని టెల్మిసార్టన్ డోసు పెంచారా? పెంచి ఉంటే, పెంచినది ఏ మాత్ర వల్ల పెరిగిన బీపీకో ఒకసారి తేదీలు చూసుకోండి.

గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను కదా అని ధైర్యంగా ఉండే వాళ్లు చాలామంది. పాంటోప్రజోల్ అయినా ఇంకోటైనా కాపాడేది కడుపునే. కిడ్నీకి, గుండెకు, బీపీకి దానితో సంబంధం లేదు. నొప్పి మాత్ర కడుపులో మంట పుట్టించకపోతే ఒంటికి పడినట్టే అనుకుంటారు. కిడ్నీ మంటపెట్టదు, నొప్పి పెట్టదు, అసలు చప్పుడే చెయ్యదు.

మీరు మొదట వాడిన మూడు మందుల మాత్ర సంగతీ చెప్పుకోవాలి, మెడికల్ షాపులో చీటీ లేకుండా కూడా చేతిలో పెట్టేసే మాత్ర అది. అందులోని సెరాటియోపెప్టిడేజ్ "వాపు తీసేది" అని పేరు పడింది. పట్టుపురుగు పేగులో ఉండే ఒక బ్యాక్టీరియా నుంచి తీసిన ఎంజైమ్ అది. జపాన్‌లో దాన్ని అమ్మిన టకేడా కంపెనీయే మళ్లీ పరీక్షించి, ఉత్తుత్తి మాత్ర కంటే మేలు కనబడలేదని 2011లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. మన దగ్గర ఇంకా చీటీల మీద నడుస్తూనే ఉంది. ఇక ఎసిక్లోఫెనాక్‌ని 2023లో పశువులకు వాడకుండా మన ప్రభుత్వం నిషేధించింది. పశువుల ఒంట్లో అది డైక్లోఫెనాక్‌గా మారుతుంది, ఆ కళేబరం తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోతాయి. మన కిడ్నీలు రాబందుల కిడ్నీలంత సున్నితం కావు, కంగారు పడకండి. ఈ జాతి మందుల చూపు ఎటు ఉంటుందో తెలియడానికి చెప్పానంతే. ఆ మాత్రలోని మూడో మందు పారాసిటమాల్, అదొక్కటే మీకు ఇప్పటికీ పనికొచ్చేది.

ఇక నొప్పి సంగతి. మీ కీలు అరగలేదు. తుంటి పక్కన చెయ్యి పెడితే గట్టిగా తగిలే ఎముక ఉంటుంది కదా, దాన్ని గ్రేటర్ ట్రోకాంటర్ అంటారు. పిరుదు కండరాలు రెండు, గ్లూటియస్ మీడియస్, మినిమస్ అనేవి, తమ టెండన్లతో ఆ ఎముకకు అంటుకుని ఉంటాయి. ఒంటికాలి మీద నిలబడినప్పుడు నడుము ఒక పక్కకి ఒరిగిపోకుండా పట్టుకునేవి అవే. వాటి పక్కనే, రాపిడి తగలకుండా ఉండే పలుచటి తిత్తి బర్సా. తొడ బయటి వైపు మోకాలిదాకా దిగే గట్టి పట్టీ ఒకటి ఈ టెండన్లనీ బర్సానీ ఎముక మీదికి అదుముతూ ఉంటుంది. కాలు లోపలి వైపు వాలేకొద్దీ ఆ అదుముడు ఎక్కువ. 40 దాటిన ఆడవాళ్లలో ఈ నొప్పి ఎక్కువ. 

పూర్వం దీన్నంతా బర్సైటిస్ అనేవారు, అంటే బర్సా వాచిందని. ఇలాంటి నొప్పితో వచ్చిన 877 మందికి అల్ట్రాసౌండ్ చేసి 2013లో ఒక లెక్క ప్రకటించారు. అందులో దాదాపు 80 శాతం మందికి బర్సా వాపే లేదు. సగం మందిలో టెండన్ పోగులు చెడి ఉన్నాయి. మీకు బర్సాలో కొంచెం నీరుంది నిజమే, కానీ అసలు జబ్బు టెండన్‌ది. టెండన్‌లో జరిగేది ప్రధానంగా పోగుల అల్లిక చెదిరిపోవడం. వాపు తగ్గించే మాత్ర ఆ అల్లికను బాగు చెయ్యలేదు. మీరు మూడు నెలలు ఒకటి, తర్వాత ఇంకొకటి వాడినా నొప్పి అక్కడే ఉండటానికి కారణం ఇదే. మాత్ర మార్చడం వల్ల, డోసు పెంచడం వల్ల ఇది మారదు.

అలాగని ఏ మందూ వద్దనటం లేదు. ఈ నొప్పికి మందు చేయగలిగిన పని ఒకటుంది. రాత్రి నిద్ర పట్టేంతగా, పగలు కాలికి వ్యాయామం చేయగలిగేంతగా నొప్పిని కొన్ని వారాలు తగ్గించి ఉంచడం. ఆ గడువు లోపల కండరాన్ని బలపరుచుకోవాలి. గడువు లేకుండా వాడే నొప్పి మాత్ర వల్ల, బలం రాదు, అలవాటొకటి మిగులుతుంది.

మీకు నేను రాసేదైతే పారాసిటమాల్ 650, అవసరమైనప్పుడు, రోజుకు మూడు మించకుండా. కాలేయ జబ్బు ఉంటే అదీ తగ్గించాలి. జలుబుకని, జ్వరానికని వేసుకునే మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, అట్ట వెనక చూసి కలుపుకుని లెక్కపెట్టుకోండి. దీని శక్తి తక్కువే, పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. రాత్రి పడుకోబోయే ముందు వేసుకుంటే కొంతమందికి పక్క మార్చుకునేటప్పుడు మెలకువ రావడం తగ్గుతుంది.

డైక్లోఫెనాక్ జెల్ రాసుకోవచ్చు. చర్మం నుంచి రక్తంలోకి పోయేది మాత్రతో పోలిస్తే చాలా కొంచెం, అందుకే కిడ్నీలు బాగుంటే మీలాంటి వాళ్లకు మాత్ర కంటే ఇది నయం. తుంటి దగ్గర చర్మం కింద కొవ్వు ఎక్కువ, మోకాలికి, వేళ్లకు పనిచేసినంత ఇక్కడ చెయ్యదు. రెండు వారాలు రోజుకు మూడుసార్లు రాసి చూడండి, తేడా లేకపోతే మానేయండి. రాసి దాని మీద వేడినీళ్ల బ్యాగ్ పెట్టొద్దు.

బీపీ, షుగర్, కిడ్నీ, గుండె, అల్సర్ ఏ బాధా లేనివాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకో మాట. నొప్పి బాగా రేగినప్పుడు నాప్రోక్సెన్ లాంటి మాత్ర వారం, పది రోజులు తిన్న తర్వాత వేసుకుంటే తప్పులేదు. అది మొదలుపెట్టిన రోజే ఆపే తేదీ కూడా క్యాలెండర్ మీద రాసుకోవాలి. గుండెకు రోజూ ఆస్పిరిన్ 75 వేసుకునే వాళ్లు ఐబూప్రొఫెన్ జోలికి పోవద్దు, ఆస్పిరిన్ పనిని అది అడ్డుకుంటుంది. గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంట్ పడినవాళ్లు డైక్లోఫెనాక్ అసలే వాడొద్దు.

ప్రెగాబలిన్ నరాల మాత్ర. వెన్నులో నరం నొక్కుకుని కాలి కిందికి తిమ్మిరి, మంట దిగుతుంటే, షుగర్ వల్ల అరికాళ్లు మండుతుంటే దానికి అర్థముంది. మీ ఉత్తరంలో అలాంటి లక్షణమేదీ లేదు. టెండన్ నొప్పికి అది పనికిరాదు, పైగా మత్తు, తూలు, కాళ్ల వాపు, బరువు పెరగడం. రాత్రి బాత్రూమ్‌కు లేచినప్పుడు తూలి పడ్డారంటే తుంటి పక్క నొప్పి కాస్తా తుంటి విరగడం అవుతుంది. రోజూ వాడుతున్నదాన్ని ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టక, చెమటలు పట్టి, టెన్షన్‌గా ఉంటుంది కాబట్టి కనీసం వారం పైన తీసుకుని మెల్లగా తగ్గించాలి. ఎంతెంత తగ్గించాలో మీ డోసు చూసి డాక్టరు చెప్పాలి. రేపు ఎవరైనా కండరాలు వదులు చేసే మాత్ర థయోకోల్చికోసైడ్ కలిపి రాస్తే, అది వారం మించి వాడకూడనిదని గుర్తుపెట్టుకోండి. ట్రమడాల్ దాకా పోవాల్సిన నొప్పి ఇది కాదు. 2018 నుంచి అది మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చిన మందు.

మీరు చెయ్యలేదు గానీ, మన ఊళ్లలో జరిగేది ఒకటుంది. నొప్పి తట్టుకోలేక ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్ కలిపి పిరుదుకు ఒక సూది పొడుస్తారు. రెండు రోజులు గాల్లో తేలినట్టుంటుంది. మూడో వారానికి మళ్లీ సూది. అది తుంటికి ఇచ్చిన స్టెరాయిడ్ కాదు, ఒళ్లంతటికీ ఇచ్చిన స్టెరాయిడ్. షుగర్ ఎగబాకుతుంది, ఎముకలు గుల్లబారతాయి. తరచూ, ఎక్కువ డోసుల్లో వాడితే తుంటి కీలులోని బంతికి రక్తం అందక అది కుప్పకూలే ప్రమాదం కూడా ఉంది. లేబుల్ లేని పొట్లాల్లో అమ్మే నొప్పుల పొడుల్లోనూ స్టెరాయిడ్ కలిపే మోసం ఉంది. పొడి వేసుకున్న మర్నాడే ఏళ్ల నొప్పి మాయమైతే సంతోషించకండి, అనుమానించండి.

ఇప్పుడు రెండో ఇంజక్షన్. స్టెరాయిడ్ ఇంజక్షన్ మోసం కాదు, నిజంగానే నొప్పి తగ్గిస్తుంది, ఎక్కువమందికి కొన్ని వారాలు. నెదర్లాండ్స్‌లో 120 మంది మీద చేసిన పరిశోధన 2011లో వచ్చింది. మూడు నెలలకు ఇంజక్షన్ తీసుకున్నవాళ్లలో 55 శాతం, తీసుకోనివాళ్లలో 34 శాతం కోలుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ అంకెలు 61, 60. అంటే ఇంజక్షన్ గుర్తు కూడా మిగల్లేదు. 2009 నాటి మరో పరిశోధనలో నెల రోజులప్పుడు ఇంజక్షన్‌దే పైచేయి, నాలుగింట మూడొంతుల మందికి మేలు. 15 నెలలకు అది 48 శాతానికి జారితే, ఇంట్లో వ్యాయామం చేసుకున్నవాళ్లు 80 శాతానికి చేరారు. 

నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది ఆస్ట్రేలియాలో 204 మంది మీద చేసి 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేసిన దాని మీద. కొందరికి ఒక ఇంజక్షన్, కొందరికి ఎనిమిది వారాల వ్యాయామంతో పాటు టెండన్‌ని ఎలా అదమకూడదో శిక్షణ, కొందరికి ఏమీ చేయకుండా చూస్తూ ఉండటం. ఎనిమిది వారాలకు బాగుందన్నవాళ్లు వరసగా 58, 77, 29 శాతం. ఏడాదికి ఇంజక్షన్ దాదాపు అక్కడే ఆగింది, వ్యాయామం 78 దాటింది, ఊరికే ఉన్నవాళ్లు కూడా 52 శాతానికి వచ్చారు. ఆ చివరి అంకెను వదిలేయకండి. ఏ సూదీ, ఏ మాత్రా లేకుండా ఏడాదిలో సగం మంది మెరుగయ్యారు. మనం వాడిన ఏదో ఒక మందుకు మనం ఇచ్చే మెప్పులో కొంత ఈ కాలానిదే.

ఈ లెక్కల్లో మీ అనుభవం సరిగ్గా సరిపోయింది. ఆరు వారాలు హాయి, తర్వాత మొదటికి. ఆ ఆరు వారాల్లో మీకు ఎవరైనా వ్యాయామం చెప్పారా? ఉత్తరంలో ఫిజియోథెరపీ అన్న మాటే లేదు. చెప్పి ఉండరనే అనుకుంటాను. కాబట్టి ఇంజక్షన్ ఫెయిలైందనలేను. అది తెచ్చిపెట్టిన ఆరు వారాలు ఖాళీగా పోయాయి. అందుకే ఇప్పుడే రెండోది వద్దు. ముందు ఎనిమిది వారాలు వ్యాయామం చేయండి. నొప్పి వల్ల ఆ వ్యాయామమే చేయలేకపోతే, రాత్రి నిద్రే లేకపోతే, అప్పుడు ఇంకొక్కటి తీసుకోవచ్చు, జనవరి నుంచి మూడు నెలలకు పైగానే గడిచి ఉంటుంది. మూడోదీ నాలుగోదీ వద్దు. ఒకేచోట పదేపదే పొడిస్తే టెండన్ ఇంకా బలహీనపడుతుంది.

తీసుకోవాల్సి వస్తే షుగర్ గురించి ముందే సిద్ధపడండి. ఇంజక్షన్ తుంటికే చేసినా కొంత రక్తంలోకి వెళ్తుంది. ఆ రోజో మర్నాడో షుగర్ పెరగడం మొదలై కొన్ని రోజులు, ఒక్కోసారి వారం పైన ఉంటుంది. వారం పాటు పరగడుపున ఒకసారి, భోజనం తర్వాత రెండు గంటలకు ఒకసారి చూసుకోండి. 300 దాటితే మీ షుగర్ డాక్టరుకు ఫోన్ చేయండి. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) మరీ ఎక్కువగా ఉన్నప్పుడు అసలు వాయిదా వేయడమే మంచిది. సూది వేసిన గంటలోనే నొప్పి పోతే అది అందులో కలిపిన లిగ్నోకైన్ మత్తు. అది దిగాక ఒకటి రెండు రోజులు నొప్పి ముందుకంటే పెరగొచ్చు కూడా, భయపడొద్దు. స్టెరాయిడ్ పని మొదలయ్యేది ఆ తర్వాతే. సూది పడిన చోట చర్మం తెల్లబడి, గుంటపడే అవకాశం కొంత ఉంది, మన రంగు చర్మం మీద అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. స్క్రీన్ మీద చూస్తూ వేసే ఇంజక్షన్‌కు ఎక్కువ ఫీజు అడుగుతారు. 2009లో ఎక్స్‌రే సాయంతో వేసి, మామూలుగా చేత్తో తడిమి వేసి పోల్చి చూస్తే ఫలితంలో తేడా రాలేదు.

పీఆర్పీ అంటే మీ రక్తమే తీసి, మిషన్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని టెండన్‌లోకి ఎక్కించడం. ఆస్ట్రేలియాలో 80 మంది మీద చేసిన ఒక పరిశోధనలో అది స్టెరాయిడ్ కంటే బాగా, ఎక్కువ కాలం పనిచేసింది. న్యూజిలాండ్ మెడికల్ జర్నల్‌లో 2019లో వచ్చిన ఇంకో పరిశోధనలో దానివల్ల ప్రత్యేకంగా ఒరిగిందేమీ కనబడలేదు. తయారీ పద్ధతి కూడా క్లినిక్‌కొకటి. షుగర్ పెంచదు, అదొక్కటి మీ విషయంలో దానికి అనుకూలం. నా మాట అడిగితే, మూడు నాలుగు నెలలు సరైన వ్యాయామం చేసినా తగ్గనప్పుడు ఆలోచించాల్సింది అది, డబ్బు కూడా ఇబ్బంది కానప్పుడు. ప్యాకేజీలో మూడు సిట్టింగులకు ముందే డబ్బు కట్టమంటే లేచి వచ్చేయండి. షాక్‌వేవ్ అనే చికిత్స కూడా ఉంది, మందు కాదు కాబట్టి దాని జోలికి పోను, పీఆర్పీ కంటే ముందు అడగదగ్గదే.

నెలసరి ఆగిన తర్వాత హార్మోన్ క్రీమ్ వాడితే టెండన్ బాగుపడుతుందా అని ఈ మధ్య కొందరు అడుగుతున్నారు. 2022లో వచ్చిన పరిశోధనలో మొత్తం మీద తేడా లేదు, సన్నగా ఉన్నవాళ్లలో మాత్రం కొంత మేలు కనబడింది. ఈ నొప్పి కోసమే మొదలుపెట్టేంత ఆధారం కాదది.

ఒక మందు గురించి హెచ్చరిక. విరేచనాలకు, మూత్రంలో మంటకు మన దగ్గర ఇట్టే చేతికొచ్చే యాంటీబయాటిక్స్ సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్. ఇవి టెండన్లను దెబ్బతీయగలవని, తెగిపోవచ్చని 2008లోనే అమెరికా మందుల సంస్థ పెట్టె మీద నల్లగీతల హెచ్చరిక వేయించింది. స్టెరాయిడ్ వాడేవాళ్లలో, 60 దాటినవాళ్లలో ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎక్కువగా దెబ్బతినేది మడమ వెనక టెండన్. అయినా మీరు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా "నాకు టెండన్ జబ్బుంది, వేరేది ఇవ్వగలరా" అని అడగండి.

వ్యాయామం రాతలో నేర్పడం కష్టం, ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర చూసి నేర్చుకోవాలి. మొదటి వారాల్లో ఇంతే ఉంటుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్లకు చున్నీ కట్టి, దాన్ని బయటికి మెల్లగా నెడుతూ పది, పదిహేను సెకన్లు బిగించడం. మోకాళ్లు మడిచి నడుము పైకి లేపడం. కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా నిదానంగా లేచి కూర్చోవడం. తర్వాత పక్కకి అడుగులు. చేస్తున్నప్పుడు నొప్పి పదికి నాలుగు దాటకూడదు, ఆ రాత్రి రోజూకంటే ఎక్కువ కాకూడదు. యూట్యూబ్‌లో చూపించే, కాలిని ఒంటికి అడ్డంగా లాగి సాగదీసే వ్యాయామం మాత్రం చేయకండి. ఆ సాగదీతే టెండన్‌ని ఎముకకేసి అదుముతుంది.

బోర్డు మీద రాస్తూ బరువంతా ఒక కాలి మీద వేసి నడుము పక్కకి ఒరగేసి నిలబడే అలవాటు టీచర్లకు ఉంటుంది. రెండు కాళ్ల మీదా సమంగా నిలబడండి. స్టాఫ్ రూమ్‌లో కాలు మీద కాలు వేసుకోవద్దు. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, కాళ్లు ఒక పక్కకి మడిచి కూర్చోవడం కొన్నాళ్లు మానండి, పూజకైనా పీట కంటే ఎత్తున్న స్టూలు వేసుకోండి. ఎడమ వైపు తిరిగి పడుకున్నా పై కాలు ముందుకు వాలితే కుడి టెండన్ నలుగుతుంది. మోకాళ్ల మధ్య నుంచి చీలమండ దాకా పొడవాటి దిండు ఉండాలి, చిన్న దిండు జారిపోతుంది.

ఇవి కనబడితే ఎనిమిది వారాలు ఆగకుండా ముందే వెళ్లండి. నొప్పి గజ్జలోకి మారడం, సాక్సు వేసుకోవడానికి కాలు మడవలేకపోవడం, నడుస్తుంటే నడుము ఒక పక్కకి పడిపోవడం, కాలికి తిమ్మిరి, సాయంత్రం జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం. మన దేశంలో టీబీ తుంటి పక్క బర్సాకి కూడా రావచ్చు, అరుదే. అలాంటప్పుడు స్టెరాయిడ్ పొడిస్తే జబ్బు ముదురుతుంది. అందుకే రెండో ఇంజక్షన్‌కు ముందు, వ్యాయామంతో ఏ కదలికా లేకపోతే, ఎమ్మారై అడగడం తప్పు కాదు. టెండన్ చిరిగిందో లేదో అందులో బాగా తెలుస్తుంది.

క్రియాటినిన్ రిపోర్టు, బీపీ రాసిన కాగితం, ఇప్పటిదాకా వాడిన మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని ముందు మీ బీపీ, షుగర్ చూసే డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి తర్వాత. ఈజీఎఫ్ఆర్ తగ్గి ఉంటే రెండు మూడు వారాల తర్వాత మళ్లీ చేయించాలి. నొప్పి మాత్ర ఆపాక చాలామందికి అది వెనక్కి వస్తుంది. ఈలోగా వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఆ ఒకటి రెండు రోజులు బీపీ మాత్ర, మెట్‌ఫార్మిన్ ఆపాలా వద్దా అన్నది కూడా ఆ రోజే అడిగి చీటీ మీద రాయించుకోండి.